పసిచేతిలో సిరాన్వేషణము

ఈశాన్య ఋతుపవనముల వానలు పుదుచ్చేరి పట్టణమును తడిపిన కొన్ని వారములకు, మేడలపైని మూతలేని తొట్లలోను, పెరటిలో పడవేసిన కొబ్బరిచిప్పలలోను నిలిచిన నీట దోమలు వృద్ధిపొందగా, డెంగీ జ్వరముతో వడలిన పసిపిల్లలను ఎత్తుకొని తల్లులు ఆసుపత్రుల అత్యవసర విభాగములకు చేరుట ఏటేట జరుగు విషయమే. ఈ జ్వరమునందలి విపరీతమేమనగా, మూడవ దినము మొదలు ఏడవ దినము లోపల, ఒళ్లు చల్లబడి జ్వరము విడిచినదని ఇంటివారు ఊరట చెందు వేళనే కొందరు పిల్లలకు అసలు గండము ఆరంభమగును. రక్తమునందలి ద్రవాంశము సూక్ష్మనాళికల గోడలనుండి వెలికి ఊరిపోవును, నాడి బలహీనపడును, కాలుచేతులు చల్లనగును. అప్పుడు ఆ శిశువునకు కావలసినది లవణజలము. నోట పట్టినది వాంతియైపోవుచుండగా అది సిరలోనికే పోవలసియుండును. కాని దేహము తన ప్రాణరక్షణకై రక్తమును మెదడునకును గుండెకును మళ్లించి, చర్మముక్రింది సిరలను ముడుచుకొనుట సరిగా ఆ సమయమునందే సంభవించును. సిర మిక్కిలి అవసరమైన క్షణముననే సిర మిక్కిలి దుర్లభమగుచున్నదన్నమాట. చూపునకు ఇంత చిన్నదైన పనిచుట్టును ఇంత పెద్ద శాస్త్రము అల్లుకొనుటకు ఈ వైపరీత్యమే మూలము.

పుదుచ్చేరికి ఈ విషయముతో గల సంబంధము నిన్నటిది కాదు. ఫ్రెంచివారు 1823లో ఇచ్చట నెలకొల్పిన వైద్యపాఠశాల, వారి పాలన ముగిసిన పిమ్మట 1956లో భారత ప్రభుత్వము చేత ధన్వంతరి వైద్యకళాశాలయై, 1964లో గోరిమేడునందు జవహర్‌లాల్ స్నాతకోత్తర వైద్య విద్యా పరిశోధన సంస్థగా రూపొంది, 2008లో పార్లమెంటు శాసనముచే జాతీయ ప్రాముఖ్యము గల సంస్థ అయినది. జనులందరును దానిని 'జిప్‌మర్' అనియే పిలుతురు. గోదావరీ ముఖమునందలి యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములో భాగమగుటచేత, సుమారు ఎనిమిది వందల కిలోమీటర్ల దూరమునుండి రోగులను తీసికొని ఈ ఊరికి వచ్చు తెలుగు కుటుంబములు చిరకాలముగా కలవు. యానాములోనే జిప్‌మర్ వారి శాఖ 2024లో ప్రారంభమైనది గనుక ఆ ప్రయాస ఇకనైన కొంత తగ్గవలెను. భాష తెలియని వార్డులో తల్లి ఒడిలోని బిడ్డకు, అరవములోనో మలయాళములోనో మాటాడు నర్సమ్మ చేతిలోని సూది మరింత భయంకరముగా కనిపించుట సహజము. ఈ సంగతి మరల రాగలదు.

"నరం దొరకడం లేదమ్మా" అను మాట వినని తల్లిదండ్రులు అరుదు. పెద్దవారికి సూది పెట్టునపుడు తొలి ప్రయత్నమే సఫలమగుట సాధారణము. పిల్లలలో, అందును సంవత్సరము నిండని శిశువులలోను, నెలలు నిండక పుట్టినవారిలోను, తొలి ప్రయత్నము విఫలమగుట అంతే సాధారణము. ఒక్క పోటు తప్పిన దోషమేమని కొందరడుగవచ్చును. తప్పిన ప్రతి పోటును ఒక సిరను వ్యర్థము చేయును: సిరగోడ చిరిగి చుట్టును రక్తము గూడుకట్టి నల్లబారిన ఆ చోట మరల కొన్ని దినములవరకు పని జరుగదు. బిడ్డకున్న మంచి సిరలు ఏ నాలుగో అయిదో. వానిలో మొదటిది తప్పినపిమ్మట రెండవది మొదటిదానికంటె కష్టతరమగును, ఏలయన అప్పటికి బిడ్డ ఏడ్చి, బెదరి, చెమర్చి, పెనుగులాడుచుండును, పొడుచువాని చేయియు కొంత వణకుచుండును. వైఫల్యము వైఫల్యమును కనుచుండును. అందుచేతనే తొలి ప్రయత్న సాఫల్యమును ప్రత్యేకముగా లెక్కించి పెంపొందించుట పిల్లల వైద్యమునందు ఒక పరిశోధన విషయమైనది. ఆ పరిశోధనల నన్నిటిని ఒకచోట చేర్చి చూచిన నాకు తోచినది ఒకటియే: సాఫల్యము సూది చర్మమును తాకకముందే చాలవరకు నిర్ణయమైపోవును. హస్తలాఘవమును కీర్తించుట మనకు అలవాటు. పూర్వసన్నాహమును కీర్తించువారు లేరు.

మొదట సిరల మాట. సిరలలో రక్తము గుండెవైపునకే పోవుననియు, వానిలోని కవాటములు వెనుకకు పోనీయవనియు, ముంజేతికి కట్టు బిగించి చూపి 1628లో విలియం హార్వే నిరూపించెను. ఆ కవాటములను అతనికి పాదువా నగరమున బోధించిన గురువు ఫాబ్రిషియస్. నేటి నర్సు బిడ్డచేతికి రబ్బరుకట్టు బిగించునపుడు చేయునది హార్వే చేసిన ప్రయోగమే. 1656లో ఆక్స్‌ఫర్డునందు క్రిస్టఫర్ రెన్, తరువాత లండనులో మహాదేవాలయ శిల్పియై ప్రసిద్ధికెక్కినవాడు, బాతు ఈకకాడను జంతువు మూత్రాశయమునకు తగిలించి ఒక కుక్క సిరలోనికి ద్రవము నెక్కించెను. మానవులకు ఇది ప్రాణదానమైనది కలరా కారణముచేత. 1831లో విలియం ఓషానెస్సీ అను యువవైద్యుడు కలరా రోగుల రక్తమును పరీక్షించి దానినుండి నీరును లవణములును కోల్పోబడినవని చెప్పగా, మరుసటి సంవత్సరము స్కాట్లండులోని లీత్ పట్టణమున టామస్ లాట్టా ఆ నీటిని, ఆ లవణములను మరల సిరలోనికే ఎక్కించి, చావు అంచుననున్న కొందరిని లేపి కూర్చుండబెట్టెను. ఓషానెస్సీ పిమ్మట కలకత్తాకు వచ్చి వైద్యకళాశాలలో రసాయనశాస్త్రము బోధించి, మన దేశమున తంతివార్తా వ్యవస్థను నెలకొల్పిన వాడును అయ్యెను. ఒక మనుష్యుడే రక్తమునకును వార్తకును త్రోవ చూపినాడు.

ఐనను, ఇనుపసూదినే సిరలో ఉంచి చేతిని బల్లకు కట్టివేయుట తప్ప గత్యంతరము లేని కాలము 1950 వరకు సాగినది. ఆ సంవత్సరము అమెరికాలో రోచెస్టరునందలి మేయో క్లినిక్‌లో మత్తువైద్యము నేర్చుచున్న డేవిడ్ మాసా, సూదిపైని సన్నని ప్లాస్టిక్ గొట్టమును తొడిగి, సూదితో సిరలో ప్రవేశించినపిమ్మట సూదిని లాగివేసి మెత్తని గొట్టమును మాత్రము లోపల నిలుపు ఉపాయమును కనిపెట్టెను. నేడు మన వార్డులలో క్యాన్యులా అనియు, ఒక కంపెనీ తన సరకుకు పెట్టిన పేరు స్థిరపడి వెన్‌ఫ్లాన్ అనియు పిలువబడుచున్నది ఆ వంశమునకు చెందినదే. వాని పరిమాణములకు ప్రపంచమంతట ఒకే వర్ణసంకేతము కలదు: 20 గేజ్ గులాబి, 22 నీలము, 24 పసుపు, 26 ఊదా. గేజ్ అంకె పెరిగినకొలది గొట్టము సన్నమగును. పిల్లల వార్డులో నిత్యము కనబడు పసుపురంగు దాని బయటి వ్యాసము సుమారు 0.7 మిల్లీమీటరు. ఆ గొట్టము చొరబడవలసిన శిశువు సిర దానికంటె బహు పెద్దదేమియు కాదు.

పెద్ద సూదియైన మంచిదా, చిన్నదియా? ఇచ్చట పారిస్ వైద్యుడు పోయిసెయ్ 1840 ప్రాంతమున కనుగొన్న నియమము అడ్డుపడును. గొట్టము వ్యాసార్ధము సగమైనచో దానిలో పారు ద్రవము సగము కాదు, పదునారవ వంతగును. డెంగీ షాకులోనున్న బిడ్డకు త్వరితముగా ద్రవము కావలసియున్నపుడు, సన్నని గొట్టము సులభముగా దూరినను పని నెమ్మదిగా సాగును; లావు గొట్టము వేగముగా పోయునుగాని దూరుటయే కష్టము. ఈ రెంటి నడుమ తూచి నిర్ణయించుట పొడుచుటకు ముందు జరుగవలసిన పని. సిర వ్యాసమునకు తగిన గొట్టమును ఎన్నుకొనక, చేతికి దొరికిన ప్యాకెట్టును చించుట మన ఆసుపత్రులలో కనబడు లోపములలో ఒకటి. దానికి నైపుణ్యలోపము కాక సరకు కొరతయే తరచు కారణమగుచుండును.

ఏ బిడ్డకు సిర దొరకుట కష్టమగునో ముందుగా తెలిసికొన వీలున్నదా? అమెరికాలో మిల్వాకీ నగరపు పరిశోధకులు 2008లో ప్రకటించిన ఒక కొలమానము ఇందుకు ఉపకరించుచున్నది. దానిలో ప్రశ్నలు నాలుగే. కట్టు బిగించినపుడు సిర కంటికి కనబడనిచో రెండు అంకెలు. వేలికి తగులనిచో మరి రెండు. వయస్సు ఏడాది లోపలైన మూడు, ఒకటి మూడు సంవత్సరముల నడుమనైన ఒకటి. నెలలు నిండక పుట్టినవాడైన మూడు. మొత్తము నాలుగో అంతకు మించియో వచ్చినచో తొలి ప్రయత్నము విఫలమగుటకు సగముకంటె ఎక్కువ అవకాశము కలదు. పది నిమిషముల గందరగోళమును తప్పించు పది సెకండ్ల లెక్క ఇది. దీని నిజమైన ప్రయోజనము భవిష్యద్దర్శనము కాదు. ఈ బిడ్డను ఎవరు పొడువవలెనన్న ప్రశ్నను పోటుకు ముందే లేవనెత్తుట. ఆ అంకెను చూచిన జూనియర్ డాక్టరు తానే సాహసింపక, అనుభవశాలియైన నర్సును పిలుచుటకు ఒక గౌరవప్రదమైన కారణము లభించును. మన ఆసుపత్రులలో పెద్దలను పిలుచుట చేతగానితనముగా ఎంచబడుచున్నంతకాలము, ఈ చిన్న కాగితపు ముక్క యంత్రములకంటె ఎక్కువ మేలు చేయగలదు.

మన పిల్లల విషయమున ఒక ప్రత్యేక సూచన అవసరము. నల్లని చర్మముక్రింద సిర కంటికి కనబడకుండుట సాధారణమే. అంతమాత్రమున సిర లేదని కాదు. కన్ను ఓడినచోట వేలు గెలుచును. మెత్తగా నొక్కినపుడు కొద్దిగా ఎగిరిపడు సిర, నీలిగీతగా కనబడుచు వేలికి తగులని సిరకంటె నమ్మదగినది. చీలమండ లోపలివైపు ఎముకకు కొంచెము ముందుగా పైకి పోవు పెద్ద సిర దాదాపు ప్రతి మనుష్యునియందును ఒకేచోట నుండును గనుక, కనబడకున్నను ఆ చోటు నెరిగినవారు దానిని చేరగలరు. పాలుతాగు పిల్లలలో తలపై సిరలు కూడ ఉపయోగపడును. ఐతే అచ్చట సిరకు బదులు ధమనిని పొడువకుండ ముందుగా వేలితో స్పందన చూడవలెను. ఏ చేతి బొటనవ్రేలిని బిడ్డ చప్పరించునో ఆ చేతిని విడిచిపెట్టుట, నడక నేర్చిన బిడ్డ పాదమును సాధ్యమైనంతవరకు ముట్టకుండుట అనునవి పుస్తకములలో ఒక్కొక్క వాక్యమే ఐనను, క్యాన్యులా మరునాటికి నిలుచునా లేదా అనునది తరచు వానిపైననే ఆధారపడును.

ఇక సన్నాహము. చలికి సిర ముడుచుకొనును, వేడికి విచ్చుకొనును. పుదుచ్చేరి ఎండలో ఈ మాట వినుట వింతగా తోచవచ్చునుగాని, ఏ.సీ. గదిలో తడిగుడ్డ తుడుపులతో జ్వరము దించబడిన బిడ్డచేయి మంచువలెనుండుట అత్యవసర విభాగమున నిత్యము చూచునదే. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన గుడ్డను కొన్ని నిమిషములు చేతికి చుట్టి, చేతిని గుండెకంటె క్రిందుగా వ్రేలాడనిచ్చి, పిమ్మట కట్టు బిగించినచో సిర నిండును. కట్టు మరీ గట్టిదైనచో ధమనిని కూడ మూసివేయును, అప్పుడు సిర నిండదు. బిగించినపిమ్మట మణికట్టు నాడి వేలికి తగులుచునే ఉండవలెను. మంచి వెలుతురు, ముందుగానే కత్తిరించి ఉంచుకొన్న ప్లాస్టర్లు, చెక్కపట్టీ, నింపియుంచిన సిరంజి, ఇవన్నియు చేతికందుచుండవలెను. సిర దొరికిన తరువాత ప్లాస్టరు కొరకు వెదకుచుండగా బిడ్డ చేయి విదిలించి వచ్చిన ఫలమంతయు పోగొట్టుట అరుదు కాదు.

బిడ్డను పట్టుకొను విధానము ఇంకను ముఖ్యము. నలుగురు పట్టి బల్లమీద వెల్లకిల పరుండబెట్టి కదలకుండ అదుముట పాత పద్ధతి. ఇందువలన బిడ్డ భయము పెరుగును, భయముచే సిర ముడుచుకొనును, పెనుగులాటచే సూది జారును. తల్లి ఒడిలో తల్లి ఎదకు ఆనుకొని కూర్చున్న బిడ్డకు ఒక చేయి మాత్రము వెలికి చాచి, దానిని నర్సు పట్టుకొనుట క్రొత్త పద్ధతి. కదలిక తక్కువ, ఏడుపు తక్కువ. యానామునుండి వచ్చిన తల్లి తన తెలుగులో తన బిడ్డకు ఏదో చెప్పుచుండగా, ఆ భాష రాని నర్సు తన పని తాను చేసికొనవచ్చును. ఇచ్చట తల్లి పక్కన నిలిచి చూచు ప్రేక్షకురాలు కాదు, చికిత్సలో ఒక అవయవము. "సిస్టరుగారూ, నేను బయటికి వెళ్లనా?" అని అడుగు తల్లికి "వద్దమ్మా, మీరే ఒళ్లో కూర్చోబెట్టుకోండి, ఆ చెయ్యి మాత్రం నాకివ్వండి" అని జవాబు చెప్పు వార్డులో తొలిపోటు ఫలించు అవకాశము అధికము.

నొప్పి విషయమున వైద్యులు చిరకాలము కఠినముగా నుండిరి. నవజాత శిశువు నరములు పరిపక్వము కాలేదు గనుక వానికి నొప్పి తెలియదను నమ్మకము 1980ల వరకు ఆసుపత్రులను ఏలినది. దానిని కూలద్రోసినవారిలో ప్రముఖుడు ఇందోరునందు వైద్యము చదివి ఆక్స్‌ఫర్డునందు పరిశోధన చేసిన కన్వల్‌జీత్ ఆనంద్. శస్త్రచికిత్స సమయమున తగినంత నొప్పినివారణ పొందని నెలలు నిండని శిశువుల దేహమున ఒత్తిడి హార్మోనులు విపరీతముగా పెరిగి, ఉపద్రవములు ఎక్కువగునని ఆయన బృందము 1987లో చూపినది. నేడు సూదికి ముందు శిశువునకు చనుబాలు ఇచ్చుట, లేదా నాలుకపై కొన్ని చుక్కల చక్కెరనీరు వేయుట ప్రపంచమంతట అంగీకరింపబడినది. పెద్దపిల్లలకు లిడోకేయిన్, ప్రిలోకేయిన్ కలిసిన క్రీము చర్మమును మొద్దుబారజేయును. కాని దానికి గంటసేపు పట్టును, పైగా అది చర్మమును తెల్లబార్చి సిరను కొంత ముడుచుకొనజేయవచ్చును. షాకులోనున్న బిడ్డకు గంట ఆగుట కుదరదు. అందుచేత ముందుగా నిర్ణయింపబడిన చికిత్సలకు క్రీమును, అత్యవసరములందు తల్లి ఒడిని ఆశ్రయించుట న్యాయము.

సూది పెట్టు క్షణమున జరుగు తప్పులలో ఒకటి పదే పదే కనబడును. చర్మమును గట్టిగా లాగి సిరను కదలకుండ నిలిపి, వాలుముఖము పైకి వచ్చునట్లు పట్టిన సూదిని చర్మమునకు బహు తక్కువ కోణమున దూర్చినపుడు, గొట్టము వెనుక గదిలో రక్తము మెరయును. ఆ మెరుపును చూచి విజయమనుకొని వెంటనే గొట్టమును తోయుదురు, అది సిరగోడకు తగిలి నిలిచిపోవును. ఏలయన సూదిమొన గొట్టపు మొనకంటె కొంచెము ముందుండును. రక్తము కనబడినపుడు సిరలో నున్నది సూదిమాత్రమే, గొట్టము ఇంకను గుమ్మమువద్దనే యున్నది. అందుచేత రక్తము కనబడినపుడు సూది కోణమును మరింత తగ్గించి, సిర వెంబడి ఒకటి రెండు మిల్లీమీటర్లు ముందునకు నడిపి, పిమ్మట సూదిని కదల్చక గొట్టమును మాత్రము జార్చవలెను. నీరింకిన కాలువవలె వట్టిపోయిన సిరగల బిడ్డలో రక్తము మెల్లగా వచ్చును, కొన్ని వేళల మెరుపే రాదు. తొందరపడి సూదిని లోతుగా తోసినచో సిరను అడ్డముగా చీల్చుకొని ఆవలికి పోవును. ఒకసారి వెనుకకు తీసిన సూదిని గొట్టములోనే మరల దూర్చుట మాత్రము ఎన్నడును తగదు. గొట్టపు మొన తెగి రక్తములో కొట్టుకొనిపోవచ్చును.

యంత్రములు ఇందుకు తోడ్పడునా? 1975లోనే శిశువు చేతిక్రింద ప్రకాశవంతమైన దీపము నుంచి వెలుగునకు అడ్డుగా నల్లగా నిలుచు సిరను చూపిన వైద్యులు కలరు. నవజాత శిశువుల వార్డులో చిన్న దీపము నేటికిని మంచి సాధనమే, వేడెక్కని దీపమైనంతవరకు. పిమ్మట పరారుణ కిరణములతో సిరలను చిత్రించి ఆ చిత్రమును చర్మముపైననే వెలుగుగా చల్లు పరికరములు వచ్చినవి. రక్తములోని హీమోగ్లోబిన్ ఆ కిరణములను చుట్టుపట్టుల మాంసముకంటె ఎక్కువగా పీల్చుకొనుట వీని సూత్రము. చూచుటకు ఇంద్రజాలమువలె నుండును. ఐనను పిల్లలపై జరిగిన కొన్ని పరీక్షలలో తొలి ప్రయత్న సాఫల్యము వీనివలన పెరుగలేదు. సిర ఎచ్చట గలదో చూపునుగాని అది ఎంత లోతున గలదో, సూది దానిలోనికి పోయెనో లేదో చెప్పజాలదు. అల్ట్రాసౌండ్ వీనికంటె మేలైనదని సాక్ష్యము కలదు. అమెరికాలో ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రివారు సిర దొరకుట కష్టమని ముందే తేలిన 167 మంది పిల్లలను రెండు పక్షములుగా విభజించి 2019లో ప్రకటించిన పరీక్షలో, అల్ట్రాసౌండ్ సాయముతో తొలి ప్రయత్నము 85.4 శాతము సఫలము కాగా, సంప్రదాయ పద్ధతిలో 45.8 శాతమే సఫలమైనది. క్యాన్యులా నిలిచిన కాలము కూడ మూడు రెట్లు. ఇంతటి అంతరము వైద్యములో తరచు కనబడునది కాదు.

మన దేశమున దీనికి ఒక విచిత్రమైన అవరోధము కలదు. ఆడశిశువుల భ్రూణహత్యలను అరికట్టుటకై 1994లో చేసిన చట్టము క్రింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమును నమోదు చేయవలెను. దానిని అనుమతి లేని చోట ఉపయోగించుట నేరము. చట్టోద్దేశ్యము ఎంతటి పవిత్రమైనదో ఎవరును కాదనజాలరు. కాని తత్ఫలితముగా పిల్లల వార్డులో అరచేతిలో పట్టు చిన్న యంత్రము నుంచుట కూడ అనుమతులు, రిజిస్టర్లు, బీరువా తాళములతో కూడిన వ్యవహారమైనది. పెద్ద బోధనాసుపత్రులు ఈ శ్రమను భరింపగలవు. ఒక తాలూకా ఆసుపత్రి భరింపజాలదు. శిశువుల చేతులను చూచుటకు మాత్రమే పనికివచ్చు ప్రత్యేక పరికరమునకు వేరొక నియమము రావలెనని నా అభిప్రాయము.

యంత్రములు లేకున్నను వ్యవస్థను మార్చవచ్చును. సిరచికిత్స నర్సుల అంతర్జాతీయ సంఘము 2016లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము ఒకరు రెండు ప్రయత్నములకు మించి చేయరాదు, అందరును కలిసి నాలుగింటికి మించరాదు. చదువుటకు సామాన్యముగా నున్న ఈ నియమము ఆచరణలో అహంకారమునకు కళ్లెము. ప్రతి పోటును ఒక పుస్తకములో వ్రాయుట రెండవ పని. ఏది ప్రయత్నము? చర్మమును ఎన్నిమారులు దూర్చిరో అన్నియా, చర్మముక్రింద సూదిని ఎన్నిమారులు దిశ మార్చిరో అది కూడయా? ఈ నిర్వచనము ముందు కుదరనిచో ఆసుపత్రులు ఒకదానితో ఒకటి పోల్చుకొనజాలవు, తమ్ము తాము మోసగించుకొనవచ్చును కూడ. అమెరికాలో టెలిఫోను పరికరముల కర్మాగారమున 1924లో వాల్టర్ షూహార్ట్ గీసిన నియంత్రణ పటముల పద్ధతినే నేడు వార్డు గోడకు అంటించి, వారము వారము సాఫల్యశాతమును చుక్కలుగా గుర్తించుచున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులును కలిసి చిన్న ఆసుపత్రులకై రూపొందించిన రోగిపక్కనే నాణ్యతాభివృద్ధి అను శిక్షణ కూడ ఈ మార్గమునే బోధించును: ఒక చిన్న మార్పు చేయుము, లెక్కించుము, నిలిచినచో ఉంచుము. లెక్కించుటయే చేతిని సగము సరిదిద్దుననుట అతిశయోక్తి కాదు.

పదే పదే సిర కావలసిన పిల్లలు కలరు. రక్త క్యాన్సరుకు గురియైనవారు అట్టివారు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేయించిన మందును సిడ్నీ ఫార్బర్ బోస్టనులో పిల్లలకిచ్చి, అంతవరకు నిశ్చయముగా ప్రాణాంతకమనుకొన్న ఆ రోగమును కొంతకాలము నిలుపవచ్చునని 1948లో లోకమునకు చూపెను. ఆ వంశములోని మెథోట్రెక్సేట్ నేటికిని ఆ చికిత్సలో ఒక స్తంభము. రెండు మూడు సంవత్సరములు చికిత్స పొందవలసిన బిడ్డకు చేతిసిరలనే పొడుచుచుండుట క్రూరము. లోతైన పెద్దసిరకు చేరు పొడవైన గొట్టము ముందుగానే వేయుట యుక్తము. సిరకు పోటు వేయక తప్పదా అని ఆలోచించుటయు సన్నాహములో భాగమే.

ఏ సిరయు దొరకనిచో? ఎముక కలదు. 1922లోనే హార్వర్డు శాస్త్రజ్ఞుడు సెసిల్ డ్రింకర్, ఎముకలోని మజ్జ రక్తప్రవాహముతో సాక్షాత్తుగా కలిసియుండుటను చూపి, అది ముడుచుకొనని సిరవంటిదని గ్రహించెను. ఆ పద్ధతి కొంతకాలము వాడుకలో నుండి మరపునకు వచ్చినది. దానిని మరల లోకమునకు గుర్తుచేసిన జేమ్స్ ఆర్లోస్కీ అను అమెరికన్ శిశువైద్యునకు ఆ ప్రేరణ కలిగినది మన దేశముననే: కలరా వ్యాపించినపుడు ఇచ్చటి వైద్యులు సిరలు ముడుచుకొనిన రోగుల ఎముకలలోనికి ద్రవమెక్కించుట చూచి, ఆయన 1984లో తన సుప్రసిద్ధ వ్యాసమును ప్రకటించెను. మోకాలికి దిగువ లోపలివైపున చదునుగా నుండు ఎముకలో ప్రత్యేకమైన సూదిని దూర్చినచో ఒక నిమిషములోపల ద్రవము, మందు, రక్తము అన్నియు పోవును. ప్రాణాపాయమున సిరలను వెదకుచు కాలము వ్యర్థము చేయరాదు.

సిరయే అవసరము లేని సందర్భములు ఇంకను ఎక్కువ. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరమున్న బన్‌గావ్‌నందు సిరద్రవములు అయిపోగా, దిలీప్ మహలనబీస్ ఉప్పు, చక్కెర, సోడా కలిపిన నీటిని డ్రమ్ములనుండి రోగుల బంధువులచేతనే త్రాగించెను. అంతకు మునుపు నూటికి ముప్పదిగానున్న మరణములు నాలుగు లోపలికి దిగినవి. వాంతులు విరేచనములతో వచ్చిన బిడ్డకు త్రాగుటకు చేతనైనచో, త్రాగించుట సూదికంటె మేలు. గ్లూకోజ్ ఎక్కించనిదే వైద్యము జరుగలేదని భావించు కుటుంబములు, ఆ భావమునకు తలయొగ్గు వైద్యులు, ఇరువురును పసిచేతికి అపకారము చేయుచున్నారు.

తల్లిదండ్రులకొక విన్నపము. మీ బిడ్డ నెలలు నిండక పుట్టెనా, గతమున సిర దొరకుట కష్టమైనదా, ఏ చేతి వ్రేలిని చప్పరించును అను వివరములను నర్సమ్మకు ముందుగానే చెప్పుడు. ఒడిలో కూర్చుండబెట్టుకొను అనుమతి అడుగుడు. రెండుసార్లు పొడిచినపిమ్మట మరొకరిని పిలువమని మర్యాదగా కోరుట మీ హక్కు. దానిని అవమానముగా తీసికొను వైద్యుడు మంచి వైద్యుడు కాడు.